రాముడు కూడా రసీదు తీసుకున్నాడు

 

ఈ వారం వీడియోలో ఏకవింశతి పత్రాల గురించి మాట్లాడతానని మాటిచ్చాను, గుర్తుంది. అది వచ్చే వారం. ఈసారి మాట్లాడింది వేరే విషయం. పది నిమిషాల వీడియోలో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

2025లో చవితి ఆగస్టు 27న వచ్చింది కదా. ఆ రోజూ మర్నాడూ కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో ఎలాంటి వాన పడిందో మీరందరూ చూశారు. పత్రి తెచ్చుకుని, పీట కడుక్కుని, పూజకి కూర్చునే వేళకి అక్కడ ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చేశాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది.

మర్నాడు సాయంత్రం అశోక్‌నగర్‌లో మా సందు చివర టీ బండి దగ్గర నిలబడి ఉన్నాను. ఒక తమ్ముడు వచ్చాడు. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తెరిచే టైమ్‌కి భుజాన సంచి, చేతిలో నీళ్ళ బాటిల్‌తో నడుస్తూ కనిపిస్తారే, ఆ వందలమందిలో ఒకడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్ర లేదు.

"అన్నా, మాది కామారెడ్డి దిక్కు. మా ఊరోళ్ళ కోసం పైసలు జమ చేద్దామనుకుంటున్నం. మీ ఛానల్‌ల ఒక్క మాట చెప్పవా? నా ఫోన్‌పే నంబర్ పెట్టు, చాలు."

"చెప్తాను తమ్మీ. కానీ ఈ రోజు కాదు, రేపు. ఆ నంబర్‌తో మాత్రం కాదు" అన్నాను.

వాడి ముఖం మాడిపోయింది. నా మీద నమ్మకం లేదా అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. సరిగ్గా ఏడాది కింద, ఇదే టీ బండి దగ్గర, ఇంకొకడి వైపు నేను అలాగే చూశాను. అది చెప్పకుండా వాడికి నా మాట అర్థం కాదు. మీకూ కాదు.

మాది ఖమ్మం జిల్లా, నేలకొండపల్లి దగ్గర ఒక ఊరు. నేనూ మొదట అశోక్‌నగర్‌కి పరీక్షలకి చదువుకోవడానికే వచ్చాను. ఉద్యోగం రాలేదు, పురాణం వచ్చింది, అది వేరే కథ. 2024 ఆగస్టు 31, శనివారం రాత్రి నుంచి వాన. ఆదివారం తెల్లారేసరికి మున్నేరు ఖమ్మం టౌన్‌లోకి వచ్చేసింది. మా పిన్ని వాళ్ళది బొక్కలగడ్డ. ఏరు ఒడ్డునే. ఫోన్ చేస్తే మోగడం లేదు. అదే రోజు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు, హెలికాప్టర్ రాలేకపోయింది. ఎక్కడో హర్యానా నుంచి పని కోసం వచ్చిన ఒక జేసీబీ డ్రైవర్ ఆ నీళ్ళలోకి బండి తోలుకుపోయి వాళ్ళని తీసుకొచ్చాడు. ఆ వీడియో మేమందరం హాస్టల్ గదిలో ఒకే ఫోన్ చుట్టూ చేరి చూశాం. అటు విజయవాడలో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. కేసముద్రం దగ్గర పట్టాలు గాల్లో వేలాడాయి, రైళ్ళు లేవు. విజయవాడ హైవే మీద కూడా నీళ్ళు. ఇక్కడి నుంచి రెండొందల కిలోమీటర్లు కూడా లేని సొంత ఊరికి వెళ్ళడానికి దారి లేదు. మీలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు.

ఏదో ఒకటి చెయ్యాలి. కాళ్ళు ఆగవు. నేను చేసిన పని ఏంటంటే, నా సొంత ఫోన్‌పే క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి, పైన "వరద బాధితుల సహాయార్థం" అని రాసి, ఆదివారం సాయంత్రానికల్లా నారాయణగూడ మెట్రో మెట్ల దగ్గర నుంచి చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి దాకా స్నేహితులతో కలిసి తిరగడం. మూడు రోజుల్లో 61,300 రూపాయలు వచ్చాయి. పది రూపాయలు వేసినవాళ్ళు ఉన్నారు. ఇడ్లీ బండి ఆయన ఆ పూట గల్లాలో ఉన్న చిల్లరంతా ఇచ్చాడు. నాకు ఏనుగెక్కినట్టు ఉంది, నిజం చెప్పాలంటే.

అప్పుడే ఆ ఇంకొకడు అడిగాడు. లైబ్రరీలో చదువుకునే కుర్రాడే, రెండొందలు వేశాడు. వేసి, మర్యాదగానే అడిగాడు: "అన్నా, లెక్క ఎక్కడ పెడతారు?"

నాకు ఒళ్ళు మండింది. అక్కడ మా పిన్ని ఇల్లు మునిగిపోయింది, వీడికి రెండొందలకి లెక్క కావాలా! "నమ్మకం లేకపోతే వెనక్కి తీసుకో" అన్నాను. వాడు ఏమీ అనలేదు, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి, వాడి మీద కోపంతోనే, లెక్క రాయడానికి కూర్చున్నాను. వచ్చింది ఇంత, బకెట్లకి ఇంత, ఫినాయిల్‌కి ఇంత, మిగలాల్సింది ఇంత. ఖాతాలో చూస్తే 2,740 రూపాయలు తక్కువ. మళ్ళీ కూడాను. తక్కువే. నేను తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు, ఒట్టు. రాత్రి రెండింటికి దొరికింది. అదే ఖాతాలోంచి నా మెస్ బిల్లు కట్టాను. ఆటోలు ఎక్కాను. మా వాళ్ళకి టీలు ఇప్పించాను. సొంత డబ్బూ, వరద డబ్బూ ఒకే గిన్నెలో పోసి, ఒకే గరిటెతో తీశాను. దొంగతనం కాదు. కానీ దొంగకీ నాకూ మధ్య ఉన్న గోడ ఎంత సన్నగా ఉందో ఆ రాత్రి కనిపించింది.

ఇక్కడే నాకు మా ఊరి పక్కవాడు గుర్తొచ్చాడు. ఎవరో కాదు, కంచర్ల గోపన్న. మన భక్త రామదాసు. ఆయన పుట్టింది నేలకొండపల్లిలోనే.

కథ మీకు తెలుసు. గోల్కొండ నవాబు తానీషా కాలం. మేనమామలు అక్కన్న, మాదన్నల అండతో గోపన్నకి పాల్వంచ పరగణా తహశీల్దారు పని వచ్చింది. శిస్తు వసూలు చేసి సర్కారుకి కట్టాలి. ఆయన ఆ డబ్బుతో భద్రాద్రి మీద రాముడికి గుడి కట్టించాడు. నగలు చేయించాడు. సర్కారు లెక్క అడిగింది. లెక్క లేదు. గోల్కొండ ఖైదు. మీరు స్కూల్ ట్రిప్‌లో చూసే ఉంటారు, రామదాసు బందీఖానా అని చూపిస్తారు, చీకటి గది.

చిన్నప్పుడు నాకు తానీషా మీద కోపం ఉండేది. అంత భక్తుణ్ణి జైల్లో పెడతాడా అని. తర్వాత చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక హరికథ విన్నాను. కథ చెప్పే ఆయన ఒకచోట ఆగి, జనం వైపు చూసి, "ఇక్కడ స్వామి ఏం చేశాడో గమనించండి" అన్నాడు. అప్పటిదాకా ఎన్నిసార్లు విన్నా, నేను గమనించని సంగతి అది.

రాముడు తల్చుకుంటే గోపన్న సంకెళ్ళు తెంచెయ్యగలడు. జైలు గోడ కూల్చెయ్యగలడు. తానీషా కలలో కనిపించి "నా భక్తుణ్ణి వదులు" అని గద్దించగలడు. అవేవీ చెయ్యలేదు. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అన్నదమ్ములిద్దరూ అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్ళి, ఆరు లక్షల మొహరీలు పూర్తిగా చెల్లించారు. చెల్లించి ఊరుకోలేదు, రసీదు రాయించుకున్నారు. ఆ రసీదు తెచ్చి నిద్రపోతున్న గోపన్న తలగడ దగ్గర పెట్టారు.

ఎంత ముచ్చటైన సంగతి చూడండి. గుడి రాముడిదే. భక్తుడు రాముడివాడే. ఖర్చు పెట్టింది రాముడి కోసమే. అయినా ఆ డబ్బు ఒక పనికి ఇచ్చింది, ఇంకో పనికి వాడింది, ఇచ్చినవాణ్ణి అడగకుండా. కాబట్టి బాకీ బాకీయే. "నా కోసమే కదా ఖర్చు పెట్టాడు, పోనీలే" అని దేవుడే అనలేదు. దేవుడే రసీదు తీసుకున్నాడు. ఇక ఫోన్‌పే కోడ్ పట్టుకుని తిరిగిన నేనెంత?

తెల్లారాక నా జేబులోంచి 2,740 వేసి లెక్క సరిచేశాను. మొత్తం ఒక కాగితం మీద రాసి టీ బండి పక్క గోడకి అంటించాను. మెస్ బిల్లు సంగతి కూడా అందులో రాశాను. సిగ్గేసింది, అయినా రాశాను. ఆ లైబ్రరీ తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి చేతులు పట్టుకుని చెప్పాను. వాడు "సరే అన్నా" అని మళ్ళీ పుస్తకంలో తలపెట్టాడు. వాడికి ప్రిలిమ్స్ గొడవ వాడిది.

సరిగ్గా ఆ వారంలోనే, 2024 సెప్టెంబరు 7, శనివారం, వినాయక చవితి. మా సందులో పందిరి పని నడుస్తోంది. చందాల పుస్తకం అప్పటికే సగం నిండింది. మా కుర్రాళ్ళందరం కమిటీ ముందుకి వెళ్ళి గట్టిగానే అడిగాం: డీజే వద్దు, లైటింగ్ వద్దు, చిన్న మట్టి గణపతి చాలు, మిగతా చందా అంతా ఖమ్మం పంపిద్దాం అని. కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు, బ్యాంకులో చేసి రిటైర్ అయ్యారు. ఆయన ఒక్కరే "కుదరదు" అన్నారు.

మా వాళ్ళు ఆయన్ని రాతి గుండె అన్నారు. నేను అనలేదు. అనకపోవడం నా గొప్ప కాదు, నాలుగు రోజుల ముందైతే నేనూ అనేవాణ్ణే.

ఆయన ఏమన్నారంటే, "బాబూ, ఇంటింటికీ తిరిగి గణపతి పేరు చెప్పి తెచ్చాం. ఆ వందా, ఆ యాభై, గణపతికని ఇచ్చారు. మంచి పనే కావచ్చు, కానీ ఇచ్చినవాళ్ళని అడగకుండా దారి మళ్ళించే హక్కు మనకి లేదు. వెళ్ళి అడుగుదాం. ఒప్పుకున్నవాళ్ళది పంపుదాం."

రామదాసు సర్కారు డబ్బు దేవుడికి పెట్టాడు. మేం దేవుడి డబ్బు జనానికి పెడదామన్నాం. రెండు చోట్లా అడగడమే మర్చిపోయాం. పెద్దాయన పుస్తకం పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో, మాతో పాటు మేడలెక్కి దిగారు. చాలామంది "మొత్తం పంపెయ్యండి" అన్నారు. ఇద్దరు ముగ్గురు "మాది పూజకే ఉంచండి" అన్నారు. ఉంచాం. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, అది వాళ్ళ మొక్కు. పందిరి పక్కన వేరే డబ్బా పెట్టాం, "ఇది ఖమ్మానికి" అని పెద్ద అక్షరాలతో. లడ్డూ వేలానికి ముందే మైకులో చెప్పేశాం, పాట డబ్బు ఖమ్మానికే అని. ఇదేమీ మేం కనిపెట్టింది కాదు లెండి. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ పాట ఆ ఏడాది 30 లక్షల వెయ్యి దాకా వెళ్ళింది. ఆ డబ్బు ఊరి పనులకి వాడతామని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మా లడ్డూ అంత బరువైంది కాదు, పాటా అంతే.

మన పెద్దవాళ్ళు జోలె పట్టేవారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డప్పుడు పది వేలమందికి పైగా పోయారు. అప్పుడు ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు తెచ్చారు. మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, చేతి గాజు తీసి వేసినవాళ్ళ కథలు చెప్తారు. జోలెలో ఒక సుగుణం ఉంది. అది పదిమంది ఎదుట తెరిచి ఉంటుంది. పడిన పైసా అందరికీ కనిపిస్తుంది. ఫోన్‌లో పడిన పైసా ఫోన్ ఉన్నవాడికి మాత్రమే కనిపిస్తుంది. సౌకర్యం పెరిగింది, చూసే కళ్ళు తగ్గాయి. అందుకే గోడ మీద కాగితం కావాలి.

ఇప్పుడు అసలు చెప్పాలా వద్దా అని ఊగిసలాడిన విషయం. చాలామంది నన్ను అడిగారు, పోయినేడాది ఖమ్మం వెళ్ళారు కదా, ఛానల్‌లో ఆ వీడియో ఎందుకు లేదు అని. తీశాం. పెట్టలేదు.

నీళ్ళు తీసి, బస్సులు తిరగడం మొదలయ్యాక బేగంబజార్‌లో కొన్న బకెట్లు, గిన్నెలు, చాపలు, బ్లీచింగ్ పౌడర్ వేసుకుని వెళ్ళాం. బొక్కలగడ్డలో ఇళ్ళల్లో మోకాలి లోతు బురద. టీవీ, ఫ్రిజ్, బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ ఒకే రంగు. దేవుడి గూట్లో పటాల మీద కూడా అదే రంగు. మా పిన్ని నడుముకి కొంగు చుట్టుకుని తట్టతో బురద ఎత్తిపోస్తోంది. నన్ను చూసి ఏడవలేదు, "తిన్నావా?" అంది. ఇంట్లో ఏముందని అడిగిందో ఆవిడకే తెలియాలి.

నేను బకెట్, గిన్నెలు ఆవిడ చేతికి ఇస్తుంటే మా వాడు ఫోన్ ఎత్తాడు. ఛానల్ కోసమే, చూసి ఇంకో నలుగురు ఇస్తారని. పిన్ని తటాలున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా అంది:

"ఒరేయ్ నాన్నా, పోయిన చవితికి మా వీధి పందిరికి వెయ్యినూట పదహార్లు రాయించింది నేనేరా. ఇప్పుడు నన్ను బకెట్ పట్టుకుని ఫొటో తీస్తారా?"

ఆ వీడియో అక్కడే చెరిపేశాం.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అని ఒక భాగం ఉంది. చదువు పూర్తి చేసుకుని ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలు. అందులో ఇవ్వడం ఎలాగో చెప్తూ, శ్రద్ధ ఉండాలి అంటాడు. అది మనకి అర్థమవుతుంది. ఆ వెంటనే సిగ్గు ఉండాలి, భయం ఉండాలి అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేంటి, మంచి పని చేసేవాడికి సిగ్గెందుకు, భయమెందుకు అనిపించింది. పిన్ని కొంగు అడ్డం పెట్టుకున్నాక తెలిసింది. సిగ్గు పడాల్సింది ఎవరో అందులో స్పష్టంగా ఉంది. పుచ్చుకునేవాడు కాదు, ఇచ్చేవాడు. నా దగ్గర ఉండి, వాళ్ళ దగ్గర లేకపోవడానికి నా గొప్పేమీ లేదే అన్న సిగ్గు. ఇది సరైన చోటికి చేరుతుందా, ఇందులో నా పేరు కోసం చేసింది ఎంత అన్న భయం. మేం అంతా తలకిందులు చేశాం. కెమెరా పెట్టి, సిగ్గు పిన్నికిచ్చి, గర్వం మేం ఉంచుకున్నాం.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. మిగిలిన డబ్బు ఆ వీధి చివర కిరాణా కొట్టు ఆయన దగ్గర పెట్టాం. ఆయన కొట్టూ మునిగిందే. ఇంటికింత అని పద్దు రాసుకుని, ఎవరికి ఏం కావాలో వాళ్ళే వచ్చి తీసుకునేట్టు. ఒకామె పప్పు, నూనె తీసుకుంది. ఒకాయన బీపీ మాత్రలకి సరిపడా డబ్బు అడిగాడు. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి జామెట్రీ బాక్స్ అడిగింది. మా లిస్టులో జామెట్రీ బాక్స్ లేదు, ఎవరికి తడుతుంది చెప్పండి? అదే వీధిలో ఎవరో పంపిన పాత బట్టల మూట విప్పకుండానే వానకి తడిసి ముద్దయింది. దేశం, కాలం, పాత్రత చూసి ఇవ్వమని గీత పదిహేడో అధ్యాయంలో స్వామి చెప్పింది మనం పరీక్షలకి బట్టీ పట్టాం కానీ, బురదలో నిలబడ్డవాళ్ళకి పట్టుచీర పంపేవాళ్ళం మనమే.

డాలస్‌లో ఉన్న మా స్నేహితుడొకడు అప్పుడు ఫోన్ చేసి, "మా ఆఫీసులో అందరి దగ్గరా వసూలు చేసి నీ ఖాతాకి పంపేస్తాను" అన్నాడు. ఇదీ తెలుసుకోండి, మీకూ ఇలాంటి ఫోన్లు వస్తాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడు తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, అక్కడివాళ్ళు ఇచ్చింది మాత్రం విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉన్న సంస్థలే అది తీసుకోవాలి. మీ ఖాతాలోకి, నా ఖాతాలోకి కాదు. మన తెలుగువాడే కదా అంటే చట్టం ఊరుకోదు. వాడికి అదే చెప్పాను, నీది నువ్వు పంపు, మిగతావాళ్ళని అక్కడి తెలుగు సంఘాల ద్వారా ఇమ్మను అని. ఇక్కడ ఉన్నవాళ్ళు పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి పన్ను మినహాయింపు కూడా వస్తుంది. మా డబ్బా చిన్న అవసరాలకి. జామెట్రీ బాక్సులకి.

ఇదంతా ఆ కామారెడ్డి తమ్ముడికి టీ తాగుతూ చెప్పాను. రెండు టీలు అయ్యాయి. వాడి ముఖంలో మబ్బు కొంచెం విడింది. "అయితే ఏం జెయ్యాలె అన్నా?" అన్నాడు.

మర్నాడు పొద్దున వాడూ, వాడి ఊరివాళ్ళు ఇద్దరూ కలిసి విడిగా ఒక ఖాతా చూసుకున్నారు, ఇందులోంచి టీ కూడా తాగకూడదని ఒట్టేసుకున్నారు. లెక్క రాసేవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు. సరిచూసేవాడు వేరే ఊరివాడై ఉండాలని మన రిటైర్డ్ బ్యాంకు పెద్దాయన పట్టుబట్టారు, కాబట్టి ఒక నల్గొండ కుర్రాణ్ణి పట్టుకున్నారు. గణపతి పందిరి పక్కన డబ్బా మళ్ళీ వెలిసింది, పేరు మాత్రం మారింది. అశోక్‌నగర్‌లో మనం నిలబడ్డ చోటికి నాలుగడుగుల్లో హుస్సేన్‌సాగర్ నాలా పారుతోంది. 2020 అక్టోబరులో అది మన వీధుల్లోకే వచ్చింది. అప్పుడు మనకి అన్నం పొట్లాలు తెచ్చిచ్చినవాళ్ళు ఏ ఊరివాళ్ళో ఎవరూ అడగలేదు.

పందిరి తీసేదాకా రోజూ రాత్రి లెక్క కాగితం టీ బండి పక్క గోడకి అంటిస్తారు. దాని ఫొటో నేను ఛానల్‌లో పెడతాను. ఇచ్చినవాళ్ళు చూసుకోండి. తేడా ఉంటే అడగండి, మొహమాటపడకండి. అడిగినవాణ్ణి "నమ్మకం లేదా" అని ఎవరైనా అంటే, నా మెస్ బిల్లు కథ చెప్పండి.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. కామారెడ్డి సంగతి టీవీలో చూసిందట. ఐదువందలు పంపింది. "రసీదు పంపిస్తాను పిన్నీ" అన్నాను నవ్వుతూ.

"రసీదు సంగతి తర్వాత. అక్కడ ఎవర్నీ ఫొటోలు తియ్యకండిరా" అంది.